కెర్నెల్‌కి మా నాయనమ్మ కాపలా

ఉద్యోగంలో చేరిన కొత్తలో తనంత జాగ్రత్తపరులు లోకంలో లేరని ప్రతి మనిషికీ అనిపిస్తుంది కాబోలు. నాకైతే అనిపించింది. ఆ రోజుల్లో నరసరావుపేటలో, నాన్న కిరాణా కొట్టు మీది గదిలో కూర్చుని, హైదరాబాదులోని ఓ చిన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేసేదాన్ని. మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీల్లో చలి ఎంతుందో కనిపెట్టి సరిచేసే పెట్టెలు మేం తయారుచేసేవాళ్లం. ఆ పెట్టెలో పెత్తనమంతా చేసే మూల ప్రోగ్రాముని కెర్నెల్ అంటారు. దాన్ని తయారుచేసేటప్పుడు ఎంచుకోవలసిన ఆప్షన్లన్నీ చూసి, ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో చెప్పమని మా మేనేజరు సారు నాకు అప్పగించారు. ప్రొబేషన్ ముగియబోతోంది. ఉద్యోగం నిలిచేదీ ఊడేదీ దీనిమీదేనని నాకు తెలుసు.

అన్నీ సాఫీగానే నడిచాయి గాని ఒకచోట ఆగిపోయాను. ఒక ప్రోగ్రాము మెమరీలోకి ఇంకో ప్రోగ్రాము చొరబడి, రాయకూడని చోట కూడా రాయొచ్చా అన్నది ప్రశ్న. జవాబులు మూడు: ఎవరైనా రాయొచ్చు, తప్పులు వెదికే డీబగ్గర్ మాత్రమే రాయొచ్చు, ఎవ్వరూ రాయకూడదు. నేను పైకి చదువుకుంటుంటే (పైకి చదివితే గాని నాకు బుర్రకెక్కదు) పక్కన వెల్లుల్లి ఒలుస్తున్న నాయనమ్మ అదేందని అడిగింది. చెప్పాను. మా ఇంట్లో ఆవకాయ జాడీ మీద పూర్తి పెత్తనం ఆవిడదే. మడి కట్టుకుని ఆవిడే తియ్యాలి. ఆవిడ మాచర్ల వెళ్తే, తిరిగొచ్చేదాకా మాకు పప్పులోకి చల్ల మిరపకాయలే గతి.

"ఇందులో ఆలోచించేదేందే? పరాయి చెయ్యి పడితే బూజు పట్టుద్ది. ఎవుర్నీ పెట్టనియ్యమాక," అంది.

నాకది వేదవాక్కులా తోచింది. 'ఎవ్వరూ రాయకూడదు' అన్నదే ఎంచి, భద్రత రీత్యా ఉత్తమం అని గొప్పగా రాసి పంపాను. సారు ఏ తొందరలో ఉన్నారో, పైపైన చూసి సరేనన్నారు.

ఊరి బయట కోల్డ్ స్టోరేజీలో పెట్టె బిగించిన రోజు, లోపల నేనూ హైదరాబాదు నుంచి వచ్చిన సారూ వణుకుతుంటే అది మాత్రం నడి వేసవి అని చూపించింది. సాయంత్రంలోగా బాగుపడకపోతే పట్టుకుపొమ్మన్నాడు యజమాని. ఊరి వరసన నాకు బాబాయే గాని, బస్తాల దగ్గర చుట్టరికం చూసే మనిషి కాదు. తప్పెక్కడుందో చూద్దామని సారు డీబగ్గర్ తగిలించి, ప్రోగ్రాము ఆగాల్సిన చోట గుర్తు పెట్టబోతే కెర్నెల్ రాయనివ్వలేదు. ఇంకోసారి ప్రయత్నించినా అదే తంతు.

"ఈ ఆప్షన్ ఎవరు పెట్టమన్నారమ్మా?" అని చాలా మర్యాదగా అడిగారు సారు.

అబద్ధమాడదామనుకున్నా నోరు రాలేదు. "మా నాయనమ్మ సార్," అన్నాను.

"పెద్దమ్మ చెప్పిందంటే ఇంకేం ఉంటది సారూ. ఆమె జాడీ దగ్గరికి మా అన్నే పోలేడు," అని బాబాయ్ నన్ను వెనకేసుకొచ్చాడు.

సారు మొహం అటు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. నేను మిర్చి బస్తా మీద లాప్‌టాప్ పెట్టుకుని, డీబగ్గర్‌కి దారి వదిలి, తుమ్ముతూ కళ్లు తుడుచుకుంటూ కెర్నెల్‌ని మళ్లీ తయారుచేశాను (కన్నీళ్లలో సగం ఘాటువి, సగం సొంతానివి). పొద్దుగూకేలోగా తప్పు దొరికింది. పెట్టె అక్కడే ఉండిపోయింది.

"ఉద్యోగం కన్ఫర్మ్ చేస్తానమ్మా. ఇకనుంచి ఆప్షన్ల రివ్యూ మాత్రం మీరే చెయ్యండి," అన్నారు సారు, కారెక్కుతూ.

ఇప్పుడు రివ్యూలు నా దగ్గరికే వస్తున్నాయి. కొత్తగా చేరిన పిల్లలు 'ఎవ్వరూ రాయకూడదు' అని ఎంచి, అదే గాంభీర్యంతో కారణం రాసి పంపుతుంటారు. మార్చమనే చెబుతాను. చెప్పేముందు మాత్రం ఆ ధీమాని కాసేపు చూస్తూ కూర్చుంటాను. అంత నమ్మకంగా తప్పు చెయ్యడం నాకిప్పుడు చేతకావడం లేదు.