విడిగా ఉంచిన చేప

ఉప్పునీటి చేపలు మా ఆయన పిచ్చి, నాది కాదు. ఆటోనగర్‌లో రేడియేటర్లు బాగుచేసే షాపు ఆయనది. ఇంటికొచ్చాక గ్రీజు వదిలేదాకా సబ్బుతో తోముకుని, ఆ సబ్బు వాసన కూడా పోయేదాకా మంచినీళ్లతో కడుక్కుని గాని ట్యాంకులో వేలు పెట్టేవారు కాదు. నన్ను ముట్టుకునేటప్పుడు ఏనాడూ ఇంత శుభ్రం చూడలేదని దెప్పేదాన్ని. వించిపేటలో మా ముందు గదిలో సోఫాకి చోటు లేదు గాని ఆ ట్యాంకుకి ఉంది. సంచుల్లో వచ్చే ఉప్పు తెచ్చి, నీళ్లలో కలిపి, ఉప్పు ఎంతుందో గాజు గొట్టంతో కొలుచుకుంటూ ఆయన ఇంట్లోనే సముద్రం తయారుచేసుకునేవారు.

అందులో నాలుగైదు చిన్నచేపలతో పాటు ఒంటిమీద తెల్లపట్టీలున్న నారింజరంగు క్లౌన్ చేపల జత ఒకటి ఉండేది. పెద్దది ఆడది. ఆయన వేలు ముంచితే చాలు, వచ్చి కొరికేది. అది కొరకడం కూడా కాదు, చంటిపిల్ల చిగుళ్లతో పట్టుకున్నట్టు ఉంటుందనేవారు. నా వేలికి మాత్రం వచ్చేది కాదు.

ఆయన గుండెనొప్పితో షాపులోనే పోయారు. ఆ రోజు ఇంటినిండా జనం. ట్యాంకు మూత ఎవరు జరిపారో, ఎందుకు జరిపారో తెలియదు. మగచేప ఎగిరి బయటపడి, గుమ్మం పక్కన చెప్పుల మధ్య ఎండిపోయి దొరికింది. పరామర్శకొచ్చిన ఒకావిడ, "చేపక్కూడా నీ రాతే రాశాడమ్మా అల్లా" అంది. ఒంట్లో సత్తువ ఉంటే అప్పుడే ఆవిణ్ణి గుమ్మం దాటించేదాన్ని.

తర్వాత ఇద్దత్‌లో కూర్చున్నాను. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ల కంటపడకూడదు. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఈ పట్టింపులన్నీ ఉన్నాయి. నాకు వెనక గది ఇచ్చారు. బయటివాళ్లెవరూ లేనప్పుడు ముందు గదిలోకి వచ్చి, చేతులు ఆయనలాగే కడుక్కుని, ట్యాంకులో వేలు ముంచేదాన్ని. చాలా రోజులు అది రాళ్ల దగ్గర్నుంచి కదల్లేదు. ఒక పొద్దున వచ్చింది. నా వేలు పట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకుంది. ఆయన పోయాక నేను నోరు విప్పి ఏడ్చింది అప్పుడే. ఆయన చేతికి అలవాటుపడిన ప్రాణం అది. అదొక్కటి బతికుంటే చాలనుకున్నాను.

"జత లేకుండా ఎట్టా ఉంటదమ్మా?" అని మా అత్తమ్మ పట్టుబట్టింది. మనుషుల విషయంలో ఎవరికీ తోచని ఆలోచన చేప విషయంలో ఎంత సులువుగా వచ్చిందో అని మనసులో విసుక్కున్నాను గాని కాదనలేదు. మా ఆయన స్నేహితుడు ఒకాయన, కంకిపాడు దగ్గర రైతు, ఆయనకీ ఈ చేపల పిచ్చి ఉంది. మద్రాసు వెళ్లినప్పుడు చిన్న క్లౌన్ చేప ఒకదాన్ని తెచ్చారు. ఆయన వరండాలో, నేను పరదా వెనక.

"చెల్లెమ్మా, చూట్టానికి బానే ఉంటది. నమ్మమాకు. నెల్లాళ్లు విడిగా ఉంచు. వాడుంటే అదే చేసేవాడు" అన్నారు.

నాకు తెలియంది కాదు. కొత్త చేపని మా ఆయన ఎప్పుడూ నేరుగా ట్యాంకులోకి వదల్లేదు. ప్లాస్టిక్ టబ్బు, దాక్కోవడానికి పైపు ముక్క, గాలి మోటారు. అంతే, రాయి కూడా ఉండదు. కొన్నప్పుడు జబ్బు కంటికి కనపడదు. పెద్ద ట్యాంకులోకి దిగాక బయటపడితే అక్కడ మందు వెయ్యలేం, ఆ రాగి మందుకి రాళ్లమీద బతికే జీవాలన్నీ చస్తాయి. అందుకని టబ్బు నా గదిలో పెట్టించాను. అది పైపులో, నేను మంచమ్మీద. అత్తమ్మ గడపలో నిలబడి టబ్బుకేసి ఓసారి, నాకేసి ఓసారి చూసి నిట్టూర్చేది. ఆ నిట్టూర్పు వింటే నాకు ఒళ్లు మండేది.

ఒక సాయంత్రం నమాజు ముగించి తలతిప్పేసరికి పైపులో చేప లేదు. ముందు గదిలోకి పరిగెత్తాను. అది ట్యాంకులో ఉంది. పెద్దచేప దాని చుట్టూ మెల్లగా తిరుగుతోంది. అత్తమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని చూస్తోంది. కొడుకు పోయాక ఆ ముఖంలో నవ్వు చూడటం అదే మొదలు.

"నీకంటే తప్పదు తల్లీ. దానికెందుకమ్మా ఈ చెర?" అంది.

వలతో తియ్యాలంటే రాళ్లన్నీ కదపాలి. తీసినా, జబ్బంటూ ఉంటే ఈపాటికే నీళ్లలో కలిసి ఉంటుంది. ఇవన్నీ ఆలోచించి ఆగానో, ఆ నవ్వు చూసి ఆగానో చెప్పలేను. "పోన్లే అత్తమ్మా" అన్నాను.

కొన్నాళ్లు బాగానే ఉన్నాయి. రెండూ ఒకే రాయి చాటున పడుకునేవి. తర్వాత ఒకరోజు పెద్దచేప మోటారు చిమ్మే నీటిపోటుకి ఎదురుగా వెళ్లి అక్కడే నిలబడింది. "చూడు, ఎట్టా ఆడుకుంటందో" అంది అత్తమ్మ. నేను మొప్పలు చూశాను. అవి ఆగకుండా కొట్టుకుంటున్నాయి. ఊపిరాడని చేప అలా పోటుకి ఎదురు నిలబడుతుందని మా ఆయన చెప్పి ఉన్నారు.

తెల్లారేసరికి చేపల ఒంటిమీద సన్నటి పొడి. జల్లించిన పిండి పడ్డట్టు, పక్కనుంచి చూస్తే పసుప్పచ్చగా మెరుస్తోంది. రాళ్లు తీశాను, చేపలన్నిటినీ పట్టి టబ్బులో వేశాను, ఆయన పెట్టెలోంచి రాగి మందు తీసి సీసా మీదున్న కొలత ప్రకారం పోశాను. బకెట్లు అందించింది అత్తమ్మే. మందు పనిచేస్తుందని మనసారా నమ్మాను. నమ్మడం తప్ప ఇంకేమీ చేతకాలేదు.

చిన్నవి ముందు పోయాయి. తర్వాత కొత్తది. పెద్దది మాత్రం ఇంకా ఉంది, టబ్బు అడుగున పక్కకి ఒరిగి. నేను చేతులు కడుక్కొచ్చి వేలు ముంచాను. వేలి దగ్గరికి రావాలని అది ప్రయత్నించిందని చెప్పుకోవాలని ఉంది, కాని కదల్లేదు. నేనే వేలిని దాని నోటిదాకా తీసుకెళ్లాను. నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. అది గాలికోసం, నా వేలికోసం కాదు. మధ్యాహ్నం నమాజు వేళకి అదీ ఆగిపోయింది.

పాత గుడ్డలో చుట్టి, పెరట్లో గులాబీ కుండీలో పాతిపెట్టింది అత్తమ్మ. మట్టి చేతులతోనే లోపలికి వచ్చి నా మంచం పక్కన నేలమీద కూర్చుంది. నన్ను ఆమె ఏనాడూ ఒక్క మాట అన్న మనిషి కాదు. ఆమెకున్నది ఒక్కడే కొడుకు.

"నేనే చంపానా తల్లీ?" అంది.

కాదు అనాలి. ఆ మనిషికి ఆ ఒక్కమాట బాకీ ఉన్నానని తెలుసు. ఆరోజు ట్యాంకు ముందు "పోన్లే" అని అంత సులువుగా అబద్ధమాడిన నోరు ఇప్పుడు పెగల్లేదు. ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో చేతులు తుడుచుకుని లేచింది.

"రా, అన్నం తిందువుగాని" అంది.

ఇద్దరం తిన్నాం. ఆమె మళ్లీ ఎప్పుడూ అడగలేదు.