సగం వేగం

మొన్న బాపట్లలో మా మేనకోడలి ఇంటి ముందు ఎవరో జనరేటరుకు ఆయిలు మారుస్తున్నారు. కాలిన నూనె వాసన గుమ్మం దాటి లోపలికి వచ్చింది. చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఎన్నో ఏళ్ల కిందటి కోటయ్యగారు నా ఎదుటికొచ్చి నిలబడినట్టయింది.

అరవయ్యో దశకం చివర్లో నేను తెనాలి నుంచి కృష్ణ నడుమనున్న ఒక లంక ఊరికి నర్సుగా వెళ్లాను. రేపల్లె ఆసుపత్రికి చేరాలంటే లాంచీలో పెనుమూడి రేవుకు దాటాలి. ఆ లాంచీ నడిపేది కోటయ్యగారు. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, ఇంజను పని నేర్చుకున్న మనిషి. యాభై దాటాయి. మాట తక్కువ. రోజూ పొద్దున్నే డీజిలును పాత పంచె గుడ్డలో వడగట్టి, బోల్టులన్నీ ఒక్కొక్కటిగా పానాతో బిగించి చూసేవారు. రేవులో నిలబడి విసుక్కునేదాన్ని. "నిన్న చూశారుగా!" అంటే, "నిన్నటిది నిన్నటికేనమ్మా" అనేవారు.

ఒక వానాకాలం పాత ఇంజను తీసేసి కొత్తది బిగించారు. దాన్ని ఆయన సగం వేగం దాటనివ్వలేదు. నాలుగైదు రోజులకే ఆయిలు దింపేసి, కాస్త అరచేతిలో పోసుకుని ఎండలో నాకు చూపించారు. అందులో సన్నటి ఇనుప రజను మెరుస్తోంది. "లోపల ముక్కలు ఒకదాన్నొకటి అరగదీసుకుని సర్దుకుంటున్నాయండి. ఇప్పుడు తొందరపెడితే వేడెక్కి బిగుసుకుపోద్ది. ఏటి మధ్యలో ఆగామంటే వరద మనల్ని సముద్రంలోకి లాక్కుపోద్ది" అన్నారు.

ఆ వారంలోనే ఊళ్లో సీతారావమ్మ అనే అమ్మాయికి నొప్పులొచ్చాయి. తొలి కాన్పు. పొద్దున కోటయ్యగారే మా గుమ్మంలోకి వచ్చారు. "ఆ పిల్లకి కాళ్లూ మొహం వాచినయ్యంటండి. మన ఇంజను నిదానం కదా, ఇప్పుడే బయల్దేరదామా?"

"కాన్పుల సంగతి నాకు తెలుసులెండి" అని ఆయన్ని పంపేశాను.

మధ్యాహ్నానికి ఆమెకు ఫిట్సు మొదలయ్యాయి. లాంచీలో పడుకోబెట్టి బయల్దేరేసరికి ఏరు ఎర్రగా పొంగుతోంది. రెండోసారి ఫిట్సు రాగానే, "ఇంకా వేగంగా పోనివ్వండి!" అని అరిచాను. ఆయన ఇంజను మీద చెయ్యి పెట్టి చూసి, "ఏడుగురం ఉన్నామమ్మా" అన్నారు. వేగం పెంచలేదు. రేవులో మనుషులు కనబడుతుండగా, కడుపులో బిడ్డతో సహా, సీతారావమ్మ నా ఒళ్లోనే పోయింది.

ఒడ్డున ఆమె భర్త కోటయ్యగారి చొక్కా పట్టుకుని కొట్టాడు. "నీకు ఇంజనే ముఖ్యమైందిరా!" అని ఏడ్చాడు. నేను ఆపలేదు. పైగా, "కాస్త వేగంగా నడిపుంటే బతికేది" అన్నాను. ఆ మాట అబద్ధమని అంటున్నప్పుడే నాకు తెలుసు.

మర్నాడు పెద్దలు కూర్చుని ఆయన్ని అడిగారు. ఆయన నావైపు ఒక్కసారి చూసి, "నిదానంగానే నడిపానండి" అన్నారు. అంతే. పొద్దున నన్ను అడిగిన సంగతి ఎత్తలేదు. నేనూ నోరు విప్పలేదు. లాంచీ యజమాని ఆయన్ని పనిలోంచి తీసేశాడు.

మూడేళ్లకు, బాపట్ల దగ్గర పొలాల నీటి ఇంజన్లు బాగుచేసుకుంటున్నారని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాను. బాగా చిక్కిపోయారు. "ఆ రోజు నిజం ఎందుకు చెప్పలేదండి?" అని అడిగాను.

"చెబితే మిమ్మల్ని తరిమేసేవాళ్లమ్మా. లాంచీకి ఇంకో డ్రైవరు దొరుకుతాడు. ఆ లంకకి ఇంకో నర్సమ్మ ఎప్పటికొచ్చేనో!"

ఆయన మళ్లీ పనిలోకి వంగి, తలెత్తకుండానే అడిగారు. "ఇప్పుడు ముందే పంపిస్తున్నారా?"

"పంపిస్తున్నానండి."

"అయితే సరే."

ఆ తర్వాత ఆయన్ని చూడలేదు. తెనాలిలో చాలా ఏళ్లు కొత్త నర్సులకు పాఠం చెప్పాను. అనుమానం వచ్చిన గంటలోనే పెద్దాసుపత్రికి పంపించెయ్యమనేదాన్ని. ఎందుకంత తొందరని అడిగితే, లంకలో పోయిన ఒక తల్లి సంగతి, ఆమెను ఆలస్యంగా పంపిన నర్సు సంగతి చెప్పేదాన్ని. ఆ నర్సు పేరేమిటని అడిగినవాళ్లకు, తెలియదన్నాను.