వాళ్ళ వరండాలో నా చెప్పులు

రాయి బుజ్జీ. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, బాగుచెయ్యకు. నాలుగేళ్ళుగా ఇది గొంతులో అడ్డం పడి ఉంది. వసపిట్టనని ఊరంతా అంటారు గానీ, ఈ ఒక్క మాటా ఎవరి దగ్గరా అనలేదు.

పక్కింటి మరియమ్మ గుర్తుందా? ముప్పై ఏళ్ళు ఇద్దరం కలిసి కొబ్బరికాయలు వొలిచేం. నా కొడుకు, మీ నాన్న, మస్కట్ నుంచి నలభై రోజులు ఫోను చెయ్యకపోతే నాకు పిచ్చెక్కినట్టయింది. శుక్రవారం సాయంత్రాలు వాళ్ళింట్లో చర్చివాళ్ళ ప్రార్థన. ఆవిడ రమ్మనలేదు. నేనే వెళ్ళేను. మూడు శుక్రవారాలు అందరి చెప్పుల మధ్యా నావీ విడిచేను. తరవాత మీ నాన్న ఫోను చేసేడు. నేను వెళ్ళడం మానేసేను. అంతే.

ఆ ఏడే ఎక్కడినుంచో నలుగురు వచ్చేరు. మెడలో కాషాయ కండువాలు. "పరాయి దేశపు మతం మన ఇళ్ళలో దూరుతోందండీ, దేశాన్ని మనమే కాపాడుకోవాలి" అన్నారు. కూర్చోబెట్టి మజ్జిగిచ్చేను. నా నోరు ఊరుకోదు కదా? శుక్రవారాలు, పాటలు, చెప్పుల వరస, అన్నీ చెప్పేసేను.

ఒకడు నవ్వుతూ అడిగేడు. "ఇంత బాగా ఎలా తెలుసండీ మామ్మగారూ? మీరూ వెళ్ళేరా ఏంటి?"

ఊరికి తెలిస్తే? రేపు గుళ్ళో కొబ్బరికాయ కొట్టనిస్తారా? ఇంటి మీదికొస్తే?

"ఆవిడే లాక్కెళ్ళిందండీ. బియ్యం ఇస్తానందండీ."

బియ్యం! ఆ మాట నా నోట్లోకి ఎలా వచ్చింది? వాళ్ళు కాగితం మీద రాసుకున్నారు. వేలిముద్ర వెయ్యమన్నారు. వేసేను.

పై శుక్రవారం వాళ్ళ వరండాలో చెప్పులన్నీ కాలవలో తేలేయి. వాటిలో నావి లేవు. బియ్యం ఆశపెట్టి మతం మారుస్తోందని మరియమ్మని పోలీసులు స్టేషనుకి తీసుకెళ్ళేరు. రెండు రోజులకి వచ్చి, కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, తాళం వేస్తూ అడిగింది.

"వదినా, బియ్యం మాట ఎవరన్నారో నీకేమైనా తెలుసా?"

"నాకేం తెలుసే?"

"ఆయ్. నీకెలా తెలుస్తుందిలే."

నమ్మి అందా? తెలిసే అందా? ఆ తాళం చూసినప్పుడల్లా నన్ను నేను ఇదే అడుగుతాను. పరాయి అన్నారు ఆవిణ్ణి. ఆవిడ ఈ కాలవ గట్టునే పుట్టింది. ఆ నలుగురిదీ ఏ ఊరో నాకు ఇప్పటికీ తెలీదు.

నిన్న మళ్ళీ వచ్చేరు. ఆదివారం అమలాపురం మీటింగులో అదే మాట మైకులో చెప్పాలట. మీ వేలిముద్ర మా దగ్గరుందండోయ్ అని నవ్వేరు. అప్పట్నుంచీ గేటు చప్పుడైతే వెనక గదిలోకి పోతున్నాను. ఇది కూడా తలుపేసుకునే చెబుతున్నాను, చూడు. మైకు ముందు నిలబెడితే భయానికి ఈ నోరు మళ్ళీ ఏమంటుందో నాకే తెలీదు. అందుకే ముందుగా రాయిస్తున్నాను. మరియమ్మ క్షమిస్తుందని కాదు. ఏ మొహంతో అడుగుతాను?

ఎందుకాపేవు? రాయి. బియ్యం అబద్ధం. నేనే వెళ్ళేను. రాసేవా?

ఆ సిరా ఇలా తే. అప్పుడు వేసిన వేలే ఇది.