ఊరికే ఇస్తానన్న కీబోర్డు

నాకు హార్మోనియం నేర్పింది మా నాయన. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో భారతం ఆడే బృందానికి ఆయన హార్మోనిస్టు. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో సంగీతం టీచరుని. మా ఆయన అలిపిరి నుంచి కొండ మీదికి టాక్సీ నడుపుతాడు. ఇంట్లో వెనక గదిలో, బియ్యం డ్రమ్ము పక్కన ఒక ల్యాప్‌టాప్ కంప్యూటరు, ఒక మైకు, గోడలకు వేలాడదీసిన పాత బొంతలు ఉంటాయి. అదే నా స్టూడియో. అందులో లోటల్లా ఒక మిడి కీబోర్డు. చూడ్డానికి హార్మోనియం మెట్లలాగే ఉంటుంది గానీ దానికి సొంత గొంతు లేదు. ఏ మెట్టు ఎంత గట్టిగా నొక్కామో కంప్యూటరుకు చెప్తుంది, అంతే. వీణలాగో నాదస్వరంలాగో పలికేది కంప్యూటరే.

ఏది కొనాలో తెలియక నెల రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. ఒకతను వరుసగా నాలుగు కీబోర్డులు చూపించి, నాలుగింటినీ ఇంతకు మించినది లేదన్నాడు. ప్రతిదాని కిందా కొనుక్కోమని లింకు. ఇంకొకతను పావుగంట సేపు మెట్ల కింద వెలిగే రంగు దీపాల గురించే మాట్లాడాడు. నాకు కావలసిన సంగతి ఒక్కరూ ఎత్తలేదు. కీబోర్డుకు ఎడమ పక్కన చిన్న చక్రం ఒకటి ఉంటుంది. దాన్ని వేలితో తోస్తే స్వరం పైకో కిందికో జారుతుంది. మన పాటకు గమకం పలకాలంటే అదే దిక్కు. వేలు తీయగానే అది సరిగ్గా నడిమికి వచ్చి నిలవాలి. రవ్వంత పక్కన నిలిచినా శ్రుతి పోతుంది. ఆ వీడియోల మీద రోత పుట్టాక కూడా అన్నం తింటూ అవే చూశాను. అది ఇంకా రోత.

ఒక ఆదివారం మా ఆయన్ని వెంటబెట్టుకుని ఊళ్ళోని వాద్యాల అంగడికి వెళ్ళాను. అక్కడి సేల్స్‌మన్ బోండా తింటున్నాడు. నేను అడిగితే మా ఆయనకు జవాబు చెప్పాడు.

"సార్, ఇది తీసుకోండి. దీంట్లో మూడొందల శబ్దాలు ఉండాయి. ఇంట్లో పిల్లోళ్ళు నేర్చుకునేదానికి బాగా పనికొస్తాది."

"నాకేం తెలుసప్పా. వాయించేది ఆమె. ఆమెకు చెప్పు," అన్నాడు మా ఆయన.

"దీంట్లో ఒక్క శబ్దం కూడా ఉండదు కదా," అన్నాను నేను.

అతను నవ్వి, నూనె వేళ్ళు చొక్కాకు తుడుచుకోకుండానే తెల్ల మెట్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు గీశాడు. మెట్ల మీద నూనె జాడ మెరిసింది. "కంప్యూటరుకు పెడితే వస్తాది సార్," అన్నాడు మళ్ళీ మా ఆయనతోనే. అది చూపుకు పెట్టింది. కొనబోయేదాని చక్రం చూస్తానంటే పెట్టె విప్పకూడదన్నాడు. నేను బయటికి వచ్చేశాను.

అప్పుడే చిత్తూరు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ మిద్దె మీద రికార్డింగ్ స్టూడియో నడిపే ఒకాయన దగ్గర నేను చాలాసార్లు పాడాను. నేను ట్రాక్ పాడితే, తరవాత పేరున్న గాయని ఎవరో వచ్చి దాని మీద పాడేది. ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని. ఆయన పెద్దది కొంటున్నాడట, పాత కీబోర్డు అమ్మేస్తాడట. అరవై ఒక్క మెట్లు. మరుసటి ఆదివారమే బయలుదేరాం. మా ఆయన కింద కారులో ఉండిపోయాడు.

"రామ్మా, కూసో. అదో, ఆడ ఉండాది సూడు."

ఆయన నోట్లో పాన్‌మసాలా ఉంది. టేబుల్ మీద నీళ్ళ సీసా ఒకటి, సగానికి పైగా ఎర్రటి ఉమ్ముతో నిండి, మూత లేకుండా ఉంది. కీబోర్డు దాని పక్కనే. మెట్ల సందుల్లో వక్క పలుకులు, సిగరెట్ బూడిద, ఎప్పుడో ఒలికి ఎండిన టీ. మధ్య షడ్జం నొక్కితే అతుక్కుని ఆలస్యంగా లేచింది. నా వేలికి జిగురు అంటింది. చక్రం తోసి వదిలాను. నడిమికి రాకుండా పైనే నిలిచిపోయింది.

"అది అంతేలేమ్మా. రెండు దినాలు వాయిస్తే అలవాటైపోతాది," అని ఆయన కంప్యూటరులో ఏదో పాట తెరిచాడు. "దీని మీద వాయించి సూడు. మొన్న విడుదలైన గంగమ్మ పాట. బాగా పోతా ఉండాది."

మొదటి పాదానికే గుర్తుపట్టాను. అది నా వరుస. రెండేళ్ళ కింద, గంగమ్మ మీద ఒక పాట కావాలని ఆయన అడిగితే, వంట చేసుకుంటూ కట్టి, ఫోన్లో పాడి పంపాను. పాట చేయించుకునే పార్టీకి నచ్చలేదమ్మా అన్నాడు. సరే అని మరిచిపోయాను. ఇప్పుడు వేరే గొంతు పాడుతోంది. మూడో పాదంలో గాంధారం దగ్గర నేను తీసిన జారు కూడా అట్లాగే ఉంది. తెర మీద సంగీతం అని రాసిన చోట ఆయన పేరు.

"అన్నా, ఇది నేను పంపించింది కదా?"

"నువ్వు ఏందో కూనిరాగం తీసి పంపించినావు. దాన్ని పాట చేసింది నేను. అయినా వరసలు ఎవురి సొత్తమ్మా? అంతా ఆ తల్లిది." ఆ మాట అని, సీసా అందుకుని ఉమ్మాడు. మళ్ళీ మెల్లగా అన్నాడు. "మనం ఒక ఇంటోళ్ళ మాదిరి. ఈ కీబోర్డు ఊరికే తీసకపో. దుడ్డేం వద్దు. ఈ మాట ఈడితో ఇడిసిపెడదాం."

నిజం చెప్పాలి. నా చెయ్యి ఇంకా ఆ మెట్ల మీదే ఉంది. మెట్లన్నీ ఊడదీసి స్పిరిట్‌తో కడిగితే బాగానే ఉంటుంది, చక్రం రిపేరు చేయించుకోవచ్చు అని నా బుర్ర అప్పటికే అనుకుంటోంది. ఎంతసేపో తెలియదు, కొన్ని క్షణాలే కావచ్చు. ఆయన మీద కంటే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది. చెయ్యి తీసి చీర కొంగుకు తుడుచుకుని, "నాకొద్దన్నా" అని మెట్లు దిగేశాను.

కారు కదిలాక జరిగిందంతా మా ఆయనకు చెప్పాను. ఆయన గేరు మారుస్తూ, "ఊరికే ఇస్తానంటే తెచ్చుకోవాల్సింది మే. పాట ఎట్లాగూ పాయె, అదన్నా మిగులును," అన్నాడు. ఆ క్షణాన ఆయన పక్కన కూర్చోవడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. అద్దం దించి బయటికి చూస్తూ ఉండిపోయాను. చంద్రగిరి దగ్గర టీ తాగడానికి ఆపినప్పుడు ఆయనే గ్లాసు తెచ్చి నా చేతికిచ్చి, "నా కారు ఎత్తుకపోయినోడు టైరు ఒకటి ఊరికే ఇస్తానంటే నేను తీసుకుంటానా. తప్పుమాట అన్నాను," అన్నాడు.

వారం తరవాత కంప్యూటరు సంచిలో పెట్టుకుని మళ్ళీ ఆ అంగడికే వెళ్ళాను, ఈసారి ఒక్కదాన్నే. చక్రం చూడనిస్తేనే కొంటానని కౌంటరు దగ్గర నిలబడ్డాను. చివరికి అంగడి యజమాని లోపల నుంచి వచ్చి పెట్టెలు విప్పించాడు. నేను అడిగితే చేతులు కడుక్కుని వచ్చి మరీ విప్పాడు సేల్స్‌మన్. మొదటి రెండూ వదలగానే నడిమికి రాలేదు. మూడోది వచ్చింది. నలభై తొమ్మిది మెట్లు, దీపాలు లేవు, నల్లగా సాదాగా ఉంది. అదే తెచ్చుకున్నాను.

హార్మోనియంలో ఎంత గట్టిగా నొక్కినా మెట్టు ఒకే తీరున పలుకుతుంది. దీని మీద నా వేళ్ళు మొదట మొద్దుల్లా పడ్డాయి, ప్రతి స్వరమూ అరిచినట్టు వచ్చింది. నెల రోజులకు దారికి వచ్చాయి. మొదట చేసిన పాట ఆ గంగమ్మ పాటే. నా గొంతుతో, నా పేరుతో ఇంటర్నెట్‌లో పెట్టాను. రెండో రోజుకే ఆ సైటువాళ్ళు దాన్ని ఆపేశారు. ఇది ఫలానా ఆయన పాట, నువ్వు కాపీ కొట్టావు అని నోటీసు. ఆయన పేరు చూసి నేను స్నానాల గదిలోకి పోయి నిజంగానే వాంతి చేసుకున్నాను.

రెండేళ్ళ కింద నేను పంపిన రికార్డింగు ఫోన్లో ఇంకా ఉంది. వెనక కుక్కరు కూత కూడా వినిపిస్తుంది. తేదీతో సహా దాన్ని పంపి, రాయాల్సిందంతా రాశాను. చాన్నాళ్ళకు నోటీసు వెనక్కి తీసుకున్నారు. ఆయన ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు. ఆయన పాట ఆయన పేరుతోనే ఇంకా తిరుగుతోంది. నేను మాత్రం ఆ వరుస మళ్ళీ పాడలేదు. బడిలో పిల్లలు అడిగినా వేరే పాట ఎత్తుకుంటాను.

ఇప్పుడు ఎవరైనా ట్రాక్ పాడమనో వరుస కట్టమనో పిలిస్తే, ముందు కాగితం మీద నా పేరు రాసి సంతకం పెట్టమంటున్నాను. ముగ్గురు పిలవడం మానేశారు. పుత్తూరు నుంచి ఒకామె మాత్రం సంతకం పెట్టి, చర్చి కోసం రెండు పాటలు చేయించుకుంది.