కొళాయి దగ్గర ఆమె బిందె

అరవైల నాటి మాట. బెంగాలీవాళ్ళ ఊళ్ళో, ట్రాఫిక్ అనే రైల్వే పేటలో, మా తెలుగువాళ్ళ క్వార్టర్ల వరసకంతటికీ ఒకటే కొళాయి. పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేది. ముందే బిందె తెచ్చి వరసలో పెట్టేసి, ఇంటికి పోయి పనులు చేసుకునేవాళ్ళం. బిందె ఉందంటే మనిషి ఉన్నట్టే. ఒకరి బిందె ఇంకొకరు జరపడం మేమెరగం.

ఒక ఏడు తూర్పు పాకిస్తాను నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు కొన్ని మా పేట పక్కనున్న పూరీ గేట్ దగ్గర గోనెపట్టాలు కట్టుకుని దిగాయి. పక్కన మడుగులో నీళ్ళే తాగేవారు. పిల్లలకి ఒకటే విరేచనాలు. వాళ్ళలో ఒకావిడ చంటిదాన్ని చంకనేసుకుని, బిందె పట్టుకుని మా కొళాయి దగ్గరికి వచ్చింది. పెద్దబిడ్డ దారిలోనే పోయిందట. "దీన్నయినా దక్కించుకోవాలి దీదీ, మంచినీళ్ళు కావాలి" అంది. గోల్‌బజార్‌లో చేపలు బేరమాడి నేర్చుకున్న బెంగాలీ నాది. ఆ మాట అర్థం కావడానికి అది చాలు. ఆమె బిందెను నా బిందె వెనక పెట్టాను.

మర్నాడు చూద్దును కదా, ఆ బిందె మురిక్కాలవ పక్కన పడి ఉంది.

"ఎవుర్తే తీసింది?" అని అరిచాను.

"నానే తీసినాను" అంది ఎదురింటావిడ. "రైలోళ్ళ కొళాయి రైలోళ్ళకే. అది నీకేటి సుట్టమా?"

"కొళాయి నీ మొగుడు ఏయించినాడేటి?" అన్నాను. ఇంకేముంది, పెద్ద రభస.

మా కాలనీకి పెద్దమనిషి ఒక రిటైరైన గార్డు. ఆయన దగ్గరికి పోయాను. "సూడమ్మా, మనమే పరాయి ఊరికి బతకొచ్చినోళ్ళం. మనకెందుకీ గొడవ?" అన్నాడు.

"అదే కదా బాబూ నాను సెప్పేది! మీ నాయన ఇక్కడ రైలు దిగిననాడు ఎవురో ఒకరు నీళ్ళు పోసుంటారా, నేదా?"

ఆయన లేచి లోపలికి పోయాడు. రైల్వే ఇన్‌స్పెక్టరు దగ్గరికి పోతే, రైల్వే నీళ్ళు బయటివాళ్ళకివ్వం అన్నాడు. ప్లాట్‌ఫారం మీద కొళాయికి టికెట్టు అడుగుతున్నారా సాబ్ అని నాకొచ్చిన హిందీలో అడిగాను. నవ్వి, "మీ వాళ్ళు వద్దనకపోతే నేనూ వద్దనను, ఠీక్ హై?" అన్నాడు. తిరిగి తిరిగి మళ్ళీ మా వాళ్ళ దగ్గరికే వచ్చి పడ్డాను.

వర్క్‌షాపు నుంచి మా ఆయన వచ్చేసరికి ఇంట్లో కుండ ఖాళీ. "ఊరోళ్ళ నీళ్ళకోసం పోట్లాడతావు. నాకు తాగడానికి గళాసుడు నేవు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆఖరికి, అందరూ పట్టుకున్నాక ఆమె పట్టుకోవచ్చని ఒప్పుకున్నారు. అందరిదీ అయ్యేసరికి కొళాయి బొట్టుబొట్టుగా కారేది. అందుకని నా వంతులో ఆమె బిందె పెట్టి, నాది చివర పెట్టేదాన్ని. నేనలా తిరగ్గానే ఎవరో ఒకరు ఆమె బిందెను పక్కకి నెట్టేసేవారు. దానికి కాపలా నిలబడి నా కాళ్ళు పీకేవి. పోట్లాడి పోట్లాడి గొంతు పోయింది. రోజూ అదే మనుషులు, అవే మాటలు. విసుగెత్తిపోయింది.

అంతలో ఆ గోనెపట్టాల వాళ్ళందర్నీ సర్కారు దండకారణ్యంలో స్థలాలిచ్చి అక్కడికి పంపించేస్తోందన్నారు. వాళ్ళు వెళ్ళే రోజు స్టేషనుకి పోయేసరికి మా వరస ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు! పూరీలు, పచ్చళ్ళు, పాత చీరలు, బిందెలతో నీళ్ళు. ఎదురింటావిడ కళ్ళొత్తుకుంటూ రైలు కిటికీలోంచి చంటిదానికి చెంచాతో నీళ్ళు పడుతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"సిగ్గు నేదేటే మీకు? ఉన్నన్నాళ్ళూ బిందెడు నీళ్ళు పట్టుకోనీనేదు. పోతంటే పోస్తారా?"

నేను తిట్టింది తెలుగులోనే అయినా చంటిదాని తల్లికి సంగతి తెలిసిపోయింది. కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుంది.

"వాళ్ళని తిట్టకు దీదీ. మా వెనక ఇంకా చాలామంది వస్తున్నారు. వాళ్ళకోసం నువ్వు మళ్ళీ వీళ్ళనే అడగాలి" అంది.

రైలు కదిలింది. నేను అక్కడే బల్ల మీద కూలబడ్డాను. ఇంక నా వల్ల కాదమ్మా అని పైకే అనేశాను. ఎదురింటావిడ తన బిందెలో మిగిలిన నీళ్ళు గ్లాసులో పోసి నా చేతికిచ్చింది. ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు. అయినా తాగాను. ఆవిడతో మాటలు మానుకోవడం ఇంక నాకు కుదిరే పని కాదు.