ఆగిపోయిన ఇంజన్ మోత

చోడవరంలో చిన్న ఇంజన్లు బాగుచేసుకు బతికే నాకు ఒక పొగరు ఉండేది. మీటరు లేకుండా, చెవితోనే ఇంజన్ స్పీడు పెట్టేస్తానని. అది మా మేస్త్రి నేర్పిన పని. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి నొక్కిపెట్టి, కళ్లు మూసుకుని ఒకటే శ్రుతిలో కూనిరాగం తీసేవాడాయన. ఇంజన్ మోత ఆ రాగంలో కలిసిపోయేదాకా స్పీడు స్క్రూ తిప్పేవాడు. మందుకొట్టే స్ప్రేయరుకో శ్రుతి, గడ్డి కోసే మిషనుకో శ్రుతి. ఆయన పోయాక అవన్నీ నాకు దక్కాయని మురిసిపోయాను.

కిందటేడు కె.కోటపాడు రోడ్డులోని ఒక లేఅవుట్ నుంచి కాపలా పెద్దాయన కబురు చేశాడు. అక్కడి గడ్డి మిషనుకి అప్పటికే రెండుసార్లు స్పీడు పెట్టాను. ఆ మధ్యాహ్నం చిరాకుగానే వెళ్లాను. ఒక్క ఇల్లూ లేవలేదక్కడ. నంబర్లు రాసిన తెల్లరాళ్లు, మధ్యలో ఎవరూ కూర్చోని పచ్చటి లాన్. చుట్టూ చెరకు ఆకు కూడా కదలడం లేదు. 

"నువ్వెట్టిన స్పీడు ఎక్కువైపోనాది బాబూ. బ్లేడు ఊడొచ్చి నా కాళ్లు తెగ్గొట్టెస్తాదని బయమేస్తంది," అన్నాడు పెద్దాయన. కాళ్లకి రబ్బరు చెప్పులే ఉన్నాయి.

"ముప్పయ్యేళ్ల సెవి ఇది. నాకు సెప్పకు," అని కసిరాను.

ఇంజన్ నడిపించి విన్నాను. నా చెవికి ఇంకా తక్కువే అనిపించింది. రాగం కలిసేదాకా స్క్రూ మరికాస్త బిగించాను. పెద్దాయన నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"సరిపోయింది, ఆపు," అని పక్కకి తిరిగి పనిముట్లు సర్దుకుంటున్నాను. మోత ఆగలేదు.

"ఆపమన్నానా!"

"ఆపీసేను బాబూ. సేనా సేపయ్యింది."

తిరిగి చూశాను. మిషను హ్యాండిల్ మీద తూనీగ వాలి ఉంది. ఇంజన్ మీద చెయ్యి పెట్టాను. వేడి తప్ప అదురు లేదు. మోత మాత్రం అదే శ్రుతిలో వినపడుతూనే ఉంది. రెండు చెవులూ మూసుకున్నాను. ఇంకా గట్టిగా వినపడింది.

భయమేసింది. ఆయన్ని మిషను ముట్టుకోవద్దని చెప్పి, మర్నాడు మీటరు కొని తెచ్చి పెట్టాను. నిమిషానికి మూడు వేలు తిరగాల్సిన ఇంజన్ నాలుగు వేలు దాటింది. నా చెవిలో మోగుతున్నదాన్ని మేస్త్రి రాగం అనుకుని, ఇన్నాళ్లూ దానికి సరిపెడుతూ వచ్చాను. స్పీడు దించి ఆ పెద్దాయనకి దండం పెట్టాను. సిగ్గుతో చచ్చిపోయాను. దేవరాపల్లి, చీడికాడ తిరిగి నేను ముట్టుకున్న మిషన్లన్నీ సరిచేశాను.

ఇప్పుడు మీటరు చెప్పిందే వేదం. షెడ్డు మూశాక, ఏ ఇంజనూ తిరగని వేళ, మేస్త్రి గుర్తొస్తాడు. మంచాన పడ్డ ఆఖరి రోజుల్లో "ఆ ఇంజనాపరా" అని ఒకటే గోల పెట్టేవాడు. మతి తప్పిందనుకుని, ఒకరోజు ఆయన తృప్తి కోసం ఖాళీ పెరట్లోకి వెళ్లి, కాసేపు నిలబడి వచ్చాను.

"ఆపీసేను మేస్త్రీ," అన్నాను.

ఆయన రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు.

"అబద్దమాడకురా. అదింకా తిరుగుతంది."