ఖర్సావాఁ దారిలో తెల్లమద్ది చెక్క కోసం

మా అత్తగారికి గుండె దడ. డాక్టరు రాసిచ్చిన మాత్రలు నాలుగు రోజులుగా డబ్బాలోనే ఉన్నాయి. శ్రీకాకుళంలో తన తండ్రి తాగిన తెల్లమద్ది కషాయం కూడా ఇస్తే తప్ప మాత్ర మింగనని ఆవిడ పట్టు. మాత్ర మానకపోతే కషాయానికి అభ్యంతరం లేదన్నారు డాక్టరు. సరేనని, మేం కాపురమున్న ఉత్తరాది ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లోని జుగ్సలాయి బజారులో చెక్క, అంటే ఆ చెట్టు బెరడు, కొని తెచ్చాను. ఆవిడ కొరికి ఉమ్మేసింది. "ఏటే ఇది? నల్లమద్ది తెచ్చి నా నోట్లో ఎడతావేటి?" అంది. ఇక చెట్టు దగ్గరికే వెళ్లి తెద్దామని నిశ్చయించుకున్నాను. ఇది డెబ్బైల చివరి మాట, భాద్రపద మాసం.

మా ఇల్లున్న భాలుబాసా నుంచి సాక్చీ బస్సుల దగ్గరికి నడిచి, ఆరున్నరకు ఖర్సావాఁ వైపు వెళ్లే బస్సెక్కాను. టికెట్టు రెండు రూపాయలు, ప్రయాణం రెండు గంటలు. తెల్లమద్దిని అక్కడ అర్జున్ అంటారు. ఆ చెట్లు ఎక్కడని హిందీలో అడిగితే డ్రైవరు పట్టుపురుగులు పెంచే ఒక ఊరి దగ్గర దింపాడు. టసర్ పట్టుపురుగు తినేది ఆ చెట్టు ఆకే. అరగంట నడిచేసరికి తోపు కనబడింది.

"రుకో మాయీ! అక్కడే ఆగు!" అంటూ విల్లు పట్టుకున్న ముసలాయన అడ్డం వచ్చాడు. కాకుల నుంచి పురుగులను కాచే మనిషి. "తలకు నూనె పెట్టుకొచ్చావా?"

పెట్టుకోకుండా ఎలా వస్తాను? ఊరికి బయలుదేరితే నూనె దట్టించి జడ వేసుకోవడం మాకు అలవాటు. చెట్ల మీద పురుగులున్నన్నాళ్లూ నూనె, చేప ఏదీ తాకకూడదట. ఆయన కూడా ఇంటికి వెళ్లకుండా పాకలోనే వండుకుంటున్నాడు.

"చెక్క లేకుండా వెళ్తే మా సాసుమా మందు మింగదు బాబా" అన్నాను.

"సాసు అంటే అంత భయమా?"

"భయం కాదు. ఆవిడ మొండిది, నేను ఆవిడ కోడల్ని."

ఆయన నవ్వి, వాగు ఒడ్డున పురుగులు లేని చెట్టు వైపు నడిచాడు. నన్ను ఇరవై అడుగుల వెనక రమ్మన్నాడు. చెట్టుకు ఒక్క పక్క నుంచే అరచేతి వెడల్పు చెక్క తీశాడు. చుట్టూ తీస్తే చెట్టు చస్తుందట. పైన బూడిద తెలుపు నునుపు, లోపల ఎరుపు. నేనిచ్చిన పులిహోర ముట్టలేదు. అందులోనూ నూనె ఉంది కదా! మూడు రూపాయలు మాత్రం రాయి మీద పెట్టించుకున్నాడు.

మూడింటికి ఇల్లు చేరాను. అత్తగారు చిన్న ముక్క చాలాసేపు నమిలింది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను.

"ఎవుడు తీసినాడే?"

"పురుగుల కాపరి, అత్తా."

"పని తెలిసినోడు. ఏటలా చూత్తన్నావు? కషాయం ఎట్టు. ఆ మాత్ర కూడా ఇటు తే."

మేలు చేసింది మాత్రా, కషాయమా అన్నది నేను తేల్చలేను. ఆ రోజు నుంచి రెండూ వేళ తప్పలేదు, నేను వెళ్లింది అందుకే. మందు చెట్టు కోసం వెళ్లేటప్పుడు దాని మీద బతికేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారేమో ముందే కనుక్కోవాలని మాత్రం నేర్చుకున్నాను. మీరు వెళ్లేట్టయితే పట్టుకాయలు దింపాక, మాఘంలో వెళ్లండి. అంతదాకా ఆగలేకపోతే ముందురోజే కుంకుడుకాయతో తల రుద్దుకోండి.